నానబెట్టవద్దని చెప్పడానికి

మట్టెవాడ, వరంగల్.

పెద్దన్న రాజయ్యకు తమ్ముడు కొమురయ్య పాదాభివందనం చేసి రాస్తున్నది.

నేనిక్కడ క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తున్నాను. వదిన మోకాలికి తొర్రూరు దవాఖానలో ఇచ్చిన మందు గుణమిచ్చిందా?

అన్నా, ముందుగా ఒక మాట. నీవు కట్టబోయే సోమయ్య బావ ఇంటికి దింపించిన తెల్ల బ్లాకులను నీళ్లలో నానబెట్టవద్దు. ఇప్పటికే నానబెట్టి ఉంటే తీసి పూర్తిగా ఆరనివ్వు. నానబెట్టమని చెప్పింది నేనే. అది తప్పు. ఈ సంగతి చెబుదామని ఫోను చేసి, ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను. అందుకే ఆ బ్లాకులు అతికించే గమ్ము బస్తాలు తెస్తున్న ఆటో డ్రైవరు చేతికే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

జరిగింది రాస్తాను. మా షాపులో ఇటుకకు బదులు వాడే ఈ తెల్ల బ్లాకులు, వాటిని అతికించే గమ్ము, ఇసుక కలిపే పని లేని ప్లాస్టరు బస్తాలు కొత్తగా అమ్మకానికి పెట్టారు. వాటిని చూపించడానికి యజమాని ఖాదర్ సాబ్ ఇక్కడ ఇళ్లు కట్టే సుతారులందరినీ భోజనానికి పిలిచారు. చూపించే గోడను ముందురోజే నేను కట్టాను. వేరే సుతారిని పెడతానంటే వద్దన్నాను. బ్లాకులను డ్రమ్ములో వేసి, బుడగలు ఆగేదాకా ఉంచి మరీ కట్టాను. ఎండి దూప మీదున్న ఇటుక సిమెంటు నీళ్లు గుంజుకుంటదని నాయిన మనకు నేర్పిన పద్ధతే.

మరునాడు అందరి ఎదుట కొత్తవాడ సుతారి యాదగిరి పై బ్లాకును పట్టుకుంటే, అది అతని చేతిలోకి వచ్చింది. కింద గమ్ము బురదలా ఉంది.

"కొమురన్నా, గోడ కట్టినవా, డబ్బాకు మూత పెట్టినవా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఖాదర్ సాబ్ డ్రమ్ము వైపు చూశారు. "నానబెట్టినవా?"

"నానబెట్టిన, సాబ్."

"ఇది ఇటుక కాదు గదయ్యా. తడి బ్రష్షుతోని దుమ్ము తుడిస్తె చాలు. గమ్ముల్నే దానికి కావల్సిన నీళ్లుంటయి." మళ్లీ, "జర ఫికర్ చేయకు. అందరి చేతులు ఇటుకకే అలవాటైనయి," అన్నారు.

తిట్టినా బాగుండేది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, యాదగిరి నా చేతిలో పెట్టిన ఆ బ్లాకు పట్టుకుని నిలబడ్డాను.

కానీ ఆ నవ్వు కన్నా వేరొకటి నన్ను తినేస్తున్నది. మొన్న ఊరికి వచ్చినప్పుడు, సోమయ్య బావ ముందే నీవు అడిగావు: "తమ్మీ, వీటిని గూడ నానబెట్టాల్నా? ఒకసారి కంపెనీవాళ్లను అడుగరాదు?" నేనేమన్నాను? "నేనుండంగ వాళ్లెందుకే? రాత్రిబడిల సదివి డిగ్రీ తెచ్చుకున్నోణ్ని, గిది తెల్వదా?" అన్నాను. తెలియదు అన్నా. తెలియకుండానే చెప్పాను. బావ నిన్ను నమ్మాడు, నీవు నన్ను నమ్మావు. ఆ గోడ ఆరి పగుళ్లు పడితే ఊరు రాజయ్య గోడ పగిలిందనేది. నా పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

ఇక్కడ నా ఆరోగ్యం బాగానే ఉంది, దిగులు పడవద్దు. మెస్సులో పప్పు నీళ్లలా ఉంటుంది. ఆదివారం గదిలో మాట్లాడే మనిషి ఉండడు. వదినను కాస్త చింతకాయ తొక్కు తీసి ఉంచమను. నేను బాగానే ఉన్నాను.

ఈ ఆదివారం వస్తున్నాను. అప్పటిదాకా గమ్ము బస్తాలు విప్పవద్దు. తప్పు నాదని బావకు నేనే చెబుతాను, నీవు చెప్పవద్దు. పట్నం వచ్చేనాడు ఇక దీనితో పనిలేదని వదిలేసిన నా పని లుంగీని వదిన మసిగుడ్డ చేయకుండా ఉంటే తీసి పెట్టమను. తాపీ నీవే పట్టు. నేను గమ్ము కలిపి అందిస్తాను.

చిన్నాయనకు, చిన్నమ్మకు నా దండాలు. పిల్లలకు దీవెనలు. కోపం ఉంటే దాచుకోకుండా తిట్టి, ఆపైన దీవించమని కోరుతూ,

నీ తమ్ముడు
కొమురయ్య