నాన్న మింగని మాత్ర

చిట్టికి అక్క దీవెనలు.

ఫోన్ చేస్తే ఏడుపు తప్ప మాట రాదని ఉత్తరం రాస్తున్నాను. నిన్న ప్రార్థన అయ్యాక కొత్త గురువుగారు ఎవర్నీ లేవొద్దన్నారు. "మందు ముడితే విశ్వాసం చెడుతుందని బోధించిన మన మందిరం పెద్దాయన, తన గుండెజబ్బుకు చివరిదాకా డాక్టరు మందులే వాడారు. మాకు తెలుసు. మీకు చెప్పలేదు. క్షమించండి" అన్నారు. ఇక మందుల మీద నిషేధం లేదట.

హాలంతా గగ్గోలు. ముందు వరసలో నాన్న మాత్రం కదల్లేదు. అమ్మ జ్వరంతో పోయినప్పటి నుంచీ ఆ చోటు ఆయనదే కదా. "భార్యను వదులుకున్నాడు గానీ విశ్వాసాన్ని వదల్లేదు" అని ఏటా లేపి నిలబెట్టి చూపించేవారు. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూలబడ్డారు.

నర్సు చదువుకు వెళ్లావని నిన్ను వెలివేసినవాళ్లే ఇప్పుడు క్షమించమంటున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నాకు రెండూ రాలేదు. నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, వార్డులో ఒకావిడకి సెలైన్ పెట్టాను. అమ్మలాంటి జ్వరంతోనే వచ్చింది. ఇప్పుడు లేచి కూర్చుని, గంజిలో ఉప్పు లేదని నాతో పోట్లాడుతోంది.

నాన్న ఆయాసం ఎలా ఉంది? అడ్డు తొలగిందిగా, వెంటనే డాక్టరుకి చూపించు.

నీ చిట్టి

*

చిట్టీ,

చూపించాను. గుండె బలహీనంగా ఉందన్నారు, మాత్రలు రాశారు. నాన్న ముట్టడం లేదు. బతిమాలాను, కసిరాను. "ఇప్పుడు నేను మందు మింగి బతికితే, మీ అమ్మ ఎందుకు పోయినట్టమ్మా?" అన్నారు.

గురువుగారి మీద ఒళ్లు మండిపోతోంది. నిజం చెప్పి ఆయన బరువు దించుకున్నారు. ఆ బరువు తెచ్చి మన ఇంట్లో పెట్టారు.

ఒకటి అడుగుతాను. అమ్మ నవ్వుతూ మందు వద్దందని ఏటా హాల్లో చెబుతారే, నిజమేనా? నన్ను అప్పుడు పిన్ని ఇంటికి పంపేశారు. దగ్గరున్నది నువ్వే.

అక్క

*

అక్కా,

వద్దనలేదు. "ఒక్కసారి డాక్టర్ని పిలవండి, పిల్లలు చిన్నవాళ్లు" అంది. నేను పక్కనే పడుకుని విన్నాను. నాన్న గోడవైపు తిరిగి ప్రార్థన ఇంకా గట్టిగా చదివారు. తర్వాత హాల్లో ఆ కథ విని, అమ్మ అలా అనలేదని పిన్నితో చెప్పాను. చిన్నపిల్లవి, కలగని ఉంటావంది. చాలాకాలం కలేననుకున్నాను.

నేను విన్నానని నాన్నకి చెప్పాలో వద్దో నువ్వే చూసుకో. నేనైతే ఆయన బతకాలనే కోరుకుంటున్నాను.

చిట్టి

*

నా చిట్టి తల్లికి,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించలేదు. అవసరం పడలేదు. అది అందేలోపే ఆయన గురువుగారిని ఇంటికి పిలిపించారు. "మీరు సగమే చెప్పారు. మా ఆవిడ డాక్టర్ని అడిగింది. అదీ చెప్పండి" అన్నారు.

గురువుగారు నీళ్లు నమిలారు. "ఆవిడ కథ ఎంతోమందికి ధైర్యమిచ్చింది. ఇప్పుడది కదపడం ఎందుకండీ?"

"ఆ ధైర్యంతోనే ఇంకెంతమంది పోయారో మీకు తెలుసా? పెద్దాయన గురించి చెప్పగలిగారు. నా భార్యకి ఆపాటి విలువ లేదా?"

చివరికి గురువుగారు ఒప్పుకున్నారు. తర్వాతి ప్రార్థనలో చెప్పారు. నాన్న వెనక వరసలో కూర్చున్నారు. ఎవరూ లేపకుండానే లేచి, "అడిగింది. నేనే పిలవలేదు" అన్నారు. నా వరసలో ఒక ముసలమ్మ, మందు లేక పోయిన కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.

ఇంటికొచ్చాక నాన్నే మాత్ర అడిగారు. నిన్ను కూడా అడిగారు, "చిట్టి వస్తుందా?" అని. వస్తుందని చెప్పేశాను. నా మాట నిలబెట్టు.

మాత్రని అరచేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంత చిన్నదా అమ్మా?" అన్నారు.

నీ కోసం ఎదురుచూస్తూ,
అక్క