రెండు దిక్కులా పిన్నులున్న వైరు

తమ్మీ,

కంగ్టి నుంచి రాగానే జనరేటర్ జోలికి పోకు. కరెంటు పోతే సోలార్ దీపం పెట్టుకో, చాలు. ఆటోమేటిక్ చేంజోవర్ పెట్టె బాగుచేయడానికి మెకానిక్ రేపు వస్తాడు. కరెంటు పోగానే బయటి లైను తెంపి ఇంటిని జనరేటర్‌కు కలిపేది ఆ పెట్టే. అది చెడిపోతే ఆగాలి. నువ్వు రెండు దిక్కులా పిన్నులున్న వైరు చేసి, జనరేటర్‌ను తీసుకపోయి గోడ ప్లగ్గుకు కలిపావు. పొద్దున అడిగితే, "మెయిన్ బంద్ చేసుడు యాది మరిచిన. ప్రార్థన కూడికల మైకు ఆగొద్దు గదా అక్కా" అని నవ్వావు. నీ మొహం చూస్తూ మిగతాది చెప్పబుద్ధి కాలేదు. అంత అసహ్యమేసింది.

నిన్న నువ్వు మైకులో ఊరందరి క్షేమం కోసం ప్రార్థన చేస్తుంటే, మన జనరేటర్ కరెంటు ఉల్టా స్తంభం మీదికి పోయింది. అక్కడ వైరు సరిచేస్తున్న లైన్‌మన్ మాణిక్యప్పకు షాక్ కొట్టింది. నడుముకు తాడు ఉంది కాబట్టి బతికాడు. దవాఖానలో డ్యూటీ నాదే, కాలిన చేతికి కట్టు కట్టింది నేనే.

"ఎవడో జనరేటర్ ఉల్టా ఇచ్చిండక్కా. మీ ఇంట్ల ఆటోమేటిక్ పెట్టె ఉంది, మీది కాదని నాకెరుకే" అన్నాడు. నేను తల వంచి కట్టు ముడి వేశాను.

ఆ వైరు ముక్కలు చేసి నీ బైబిలు పక్కన పెట్టాను. అన్నం గిన్నెలో ఉంది, తిను.

అక్క

మరిచాను. సాయంత్రం మాణిక్యప్ప మన ఇంటికి వస్తాడు. "మీ తమ్మునితోని నా చెయ్యికి ప్రార్థన చేపియ్యక్కా" అని అడిగాడు. తలుపు నువ్వే తియ్యి.