ఇమాని పేరు పిలిచినప్పుడు

మార్కస్,

నిన్న చాండ్లర్‌లో నల్లజాతి విద్యార్థుల సన్మాన సభ జరిగింది. మన అమ్మాయి ఇమానికి సైన్స్‌లో బహుమతి వచ్చింది. నువ్వు పోయాక అది స్టేజీ ఎక్కడం ఇదే మొదటిసారి.

కిండర్‌గార్టెన్ నుంచీ దాని పేరు పిలిస్తే చాలు, నువ్వు లేచి "దట్స్ మై బేబీ!" అని హాలు దద్దరిల్లేలా అరిచేవాడివి. నేను సిగ్గుతో చచ్చిపోతూ నీ చొక్కా పట్టుకుని కిందికి లాగేదాన్ని. అందరూ చూస్తున్నారనేదాన్ని. "చూడాలనే కదా అరుస్తున్నా" అని నవ్వేవాడివి.

నిన్న కార్‌లో ఇమాని ముందే చెప్పింది: "అమ్మా, డాడ్ లాగా నువ్వు అరవక్కర్లేదు. ఇట్స్ ఓకే."

హాల్లో ఒక్కో పేరుకీ ఒక్కో కుటుంబం లేచి కేకలు పెట్టింది. ఇమానిని పిలిచారు. నేను అరుద్దామనే నోరు తెరిచాను. చప్పట్లు మాత్రమే కొట్టగలిగాను. స్టేజీ మీద అది తల దించుకుని నడుస్తోంది.

అంతలో వెనక వరసలో ఎవరో పెద్దావిడ లేచి, "దట్స్ అవర్ బేబీ!" అని అరిచింది. హాలంతా అందుకుంది. ఇమాని తలెత్తింది.

ఆ అరుపు వినగానే, ఇన్నేళ్ల అలవాటున, నా చెయ్యి నీ చొక్కా కోసం పక్క కుర్చీ వైపు వెళ్లింది.