ముహూర్తం వాడికెందుకు చెప్పారు?

చేతన్ గారూ, ఇప్పుడే షోరూమ్ నుంచి ఫోన్ వచ్చింది. మన కారు లీజు మంజూరైందట! వంటింట్లో ఒక్కదాన్నే గెంతాను, పాలు పొంగినా పట్టించుకోలేదు.

ఐదింటికి ఆ సేల్స్ తిప్పేస్వామి కాగితాలు తెస్తాడు. కాఫీ ఇవ్వండి, సంతకం మాత్రం పెట్టకండి. టై బిగిస్తే చాలు, మర్యాద దానంతటదే వస్తుందనుకునే రకం వాడు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు దాటితే కిలోమీటరుకింత అని జరిమానా వేస్తారట. ఆ మాట వాళ్లు ముందే పంపిన నకలు చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మీరు రోజూ ఉద్యోగానికి సిరుగుప్ప వెళ్లి రావాలి, రానూపోనూ నూటపది కిలోమీటర్లు, నాలుగు నెలలు తిరక్కుండానే పదివేలు దాటిపోతాం.

అడిగితే ఏమన్నాడో తెలుసా? "అదంతా పేరుకే మేడమ్, యారు చూస్తాండారు, ఎవురికి పట్టింది? రేపు పదకొండుకు ముహూర్తమని సార్ చెప్పినారు కదా, దాటిపోతాది, బేగ సైన్ చేసేయండి!"

మంచి గడియ వాడికెందుకు చెప్పారండీ? మన జుట్టు మనమే వాడి చేతికిచ్చినట్టయింది.

నేను అత్తయ్యతో బజారుకు వెళ్తున్నాను, ఏడింటికి వస్తాను.

మీ వినూత

మరిచాను: రేపు షోరూమ్‌లో నేనే మాట్లాడతాను, మీరు పక్కన గంభీరంగా నిలబడండి చాలు. ఏడాదికి ముప్పై ఐదు వేల కిలోమీటర్లని రాసిస్తేనే సంతకం. లేదంటే రాహుకాలమైనా సరే, పక్క షోరూమ్‌కు వెళ్దాం.