గజం అంటే జాగా అనుకున్నాను

మంగళవారం రాత్రి, అశోక్‌నగర్ గది

నాలుగు గోల్ఫ్ యాప్‌లు తీసి పారేశాను. ఉచితమని పిలిచి, మూడో హోల్ దగ్గర కార్డు నంబరు అడిగే దొంగలు. ఐదోది ఒక్కటే పైసా అడక్కుండా జెండా దాకా దూరం చూపిస్తోంది. దాన్ని నమ్ముకునే పొద్దున గోల్ఫ్ ఆడే సార్ బ్యాగు భుజానికెత్తుకున్నాను.

చెరువు ముందు ఆగి, అవతలి జెండా చూపించి సార్ అడిగాడు, "ఎంత దూరం?"

"నూట ముప్పై సార్."

బంతి నీళ్లలో పడింది. రెండోదీ అంతే.

బ్యాగులు మోసే మా అందరికీ పెద్ద యాదన్న. వచ్చి నా ఫోన్ లాక్కుని చూశాడు. "అరేయ్, గిది మీటర్లల్ల ఉందిరా! ఈడ అందరు గజాలల్లనే కొడ్తరు. పన్నెండు గజాలు తక్కువ చెప్పినవ్."

"గజాలు ప్లాట్లకు గదన్నా?"

అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు. "రేపటి నుంచి వీడు నాకొద్దు" అన్నాడు. యాదన్న నన్ను పక్కకు పిలిచి, "జర కొన్ని దినాలు రాకురా తమ్మీ" అన్నాడు. ఎన్ని దినాలో చెప్పలేదు.

మీటర్లా, యార్డులా అని యాప్ మొదటి రోజే అడిగింది. యార్డంటే గజమని నాకు తెలుసు. ఇంగ్లీషు ఫోన్‌లోనే నేర్చుకున్నానని పొగరు కూడా. కానీ నారాయణగూడలో గజం ధర విని విని, అది జాగా కొలిచే మాటే అనుకున్నాను. మీటర్లు నొక్కాను. థూ.

ఇప్పుడు యార్డులకు మార్చాను. మంచి యాప్, నిజంగానే. మార్చగానే తెర మీద అడిగింది: "రేపు ఎక్కడ ఆడుతున్నారు?"

కింద గోల్ఫ్ కోర్సుల పేర్లు చాలా ఉన్నాయి. 'ఎక్కడా ఆడట్లేదు' అని నొక్కడానికి మాత్రం చోటు లేదు.