ఫ్లెక్సీ మీద లక్ష బ్లాక్ హోల్స్

సిరిసిల్ల, ఆదివారం రాత్రి. వాన తగ్గలేదు.

సాయంత్రం కులసంఘం హాల్లో నాకు సన్మానం. బాబాయి వేయించిన ఫ్లెక్సీలో నా ఫోటో, దాని కింద "లక్ష బ్లాక్ హోల్స్ కనుక్కున్న మన బిడ్డ" అని పెద్ద అక్షరాలు. నేను ఒక్కటీ కనుక్కోలేదు. అంతరిక్షంలోకి పంపాలనుకుంటున్న ఒక రేడియో టెలిస్కోపు ఎన్నింటిని చూడగలదో లెక్కగట్టే పని నాది. అదింకా కాగితం మీదే ఉంది.

మైకు ఇచ్చాక ఉన్నదే చెప్పాను. బ్లాక్ హోల్స్ లెక్కలేనన్ని ఉన్నా, చాలావరకు మరీ దూరం. అన్నీ కలిసొస్తే పదింటి దాకా నీడ, అంటే వెలుగు మధ్యలో నల్లటి గుండ్రం, కనబడొచ్చు. గట్టిగా చెప్పగలిగేవి రెండే. అవీ నేల మీది టెలిస్కోపులు ఇప్పటికే చూసినవే.

చప్పట్లు పలచగా వచ్చాయి. "జర పెద్దగ జెప్తే ఏం బోయె బిడ్డా?" అన్నాడు బాబాయి. బాపు తల వంచుకుని నా శాలువా మడతపెడుతూ ఉండిపోయాడు. నలుగురిలో ఆయన పరువు తీశానా?

వచ్చేటప్పుడు ఆ ఫ్లెక్సీని చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"గదెందుకు బాపూ? అంతా తప్పే రాసిండ్రు."

"రాత తప్పైతే ఏమాయె, షీటు గట్టిగుంది. మన మగ్గాల షెడ్డు ఉరుస్తంది గదా."

ఇందాక షెడ్డులోకి వెళ్లి చూశాను. నీళ్లు కారడం ఆగింది. ఫోటో ఉన్న ముక్కను కత్తిరించి, తన మగ్గం పక్కన గోడకు తగిలించుకున్నాడు. కప్పు మీద వానకు తడుస్తున్నది ఆ లక్ష ఒక్కటే.