పొయ్యిలో పెట్టరాని పిడకలు

సూర్యాపేట కసుబాలో బెజవాడ సడకు పక్కన కాపురమున్న కీర్తిశేషులు పన్నాల రాఘవరెడ్డి గారి భార్య ఆండాలమ్మ అనే నేను, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి చెందాలో, ఎవరి చేయి దాని మీద పడకూడదో నిర్ణయించి, ఒకరి బలవంతమూ బోధనా లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా ఇది.

తెలివి ఉన్నట్టు రుజువుండాలన్నాడు ఈ కాగితం రాస్తున్న దస్తూరి పర్వతాలు. నిన్న గంపెడు మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారమూ ఆవపిండీ చేతి అంచనాతోనే కలిపాను. ఒక ముక్క నోట్లో వేసుకున్నాక మళ్లీ రుజువు అడగలేదు. "అమ్మా, వీలునామల తొక్కు ముచ్చట రాయరు" అని మాత్రం గొణిగాడు. రాయమన్నాను. రాశాడు.

1. ఈ ఇల్లూ, పక్కనున్న పెరడూ, బావీ మా నాయన నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చినవి. మా ఆయన వైపు వాళ్లకు ఇందులో గడ్డిపోచంత హక్కు లేదు. ఈ మాట ముందే రాయించడానికి కారణం మా మరిది కొడుకు నరోత్తమరెడ్డి. నేను బతికుండగానే నా పెరట్లో దూలాలూ వాసాలూ తెచ్చి దింపాడు. సడకు వెంట దుకాణాలకు మల్గీలు కట్టి కిరాయికి ఇస్తాడట. దింపడానికి వాడికి దొరికిన చోటు నా పొట్లపాదు! ఇదేమిరా అంటే, "నీకెందుకు పెద్దమ్మా గీ పాదులు? ఒక్కదానివి ఎన్ని తింటవ్?" అన్నాడు. పెరడంటే తినడానికే అనుకునే మనిషితో ఏం మాట్లాడను?

2. వాడికి తెలియకపోతే ఈ కాగితం చదివించుకుని తెలుసుకోవాలి. మా ఆయన పోయిన ఏడాది నుంచి మా అరుగు మీద ఒక జట్టు కూడుతున్నది. కోదాడ నుంచి బట్టల దుకాణం వారి రుక్మిణి, మిర్యాలగూడ నుంచి నీలమ్మ, గరిడేపల్లి నుంచి గొర్రెల బీరన్న, నేను. ఎవరి పెరట్లో ఏది కొత్తగా కాసినా, ఎవరి వంటింట్లో ఏది కొత్తగా కుదిరినా తెచ్చి నలుగురికీ చూపించాలి, నేర్పించాలి. బీరన్న ఎండిన సొరబుర్రలతో గరిటెలూ నీళ్లబుర్రలూ చెక్కి తెచ్చేవాడు. మా కట్టుబాటు ఒక్కటే. గింజ అడిగితే లేదనకూడదు. గింజకు వెల కట్టకూడదు. తీసుకున్నవాళ్లు కాపు వచ్చాక పిడికెడు గింజలు తెచ్చి నా గోడకు ఎక్కించాలి.

గోడకు ఎక్కించడమంటే, ముదిరిన గింజలను పచ్చిపేడలో పెట్టి పిడకలా కొట్టడం. లోపల పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. తొలకరికి పిడక విరిచి పాదులో పెడితే చాలు. పైకి చూస్తే అన్నీ పిడకలే. ఏ పిడకలో గింజ ఉన్నదో పేడ కొట్టిన చేతికే తెలుసు.

3. నిరుడు ఎండాకాలంలో రజాకార్ల భయానికి ఊరు సగం ఖాళీ అయినప్పుడు, నేనూ జగ్గయ్యపేటలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. తాళంచెవి నరోత్తమరెడ్డి భార్య సుగుణ చేతిలో పెట్టి, గోడ మీది పిడకల జోలికి పోవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను. గడబిడ సద్దుమణిగాక తిరిగొచ్చి చూస్తే గోడ బోసిగా ఉంది. నరోత్తమరెడ్డి స్నానాలకు నీళ్లు కాగాయట! నా మెడ లేని సొర, మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన గింజ, ముదిరినా చేదెక్కని సొర, వాడి వీపు మీద వేడినీళ్లయి పోయింది. "పిడకలే గద అత్తమ్మా, మళ్ల కొడితె అయిపాయె" అన్నది సుగుణ. వాడైతే పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు నా చెవిలో ఇప్పటికీ ఉంది. చచ్చినా మరిచిపోను, అందుకే చచ్చాక చదివే కాగితంలో రాయిస్తున్నాను.

4. ఆ సొర గింజ కోసం మిర్యాలగూడ నీలమ్మకు కబురంపాను. "గింజకు ఉంచలే అక్కా, లేతగున్నయని అన్నీ కోసుకున్నం" అన్నది. కాయకు ఆశపడి గింజను మరిచిన మనిషి జట్టులో ఎలా ఉంటుందో నాకు అర్థం కాదు. అయినా తొక్కు పెట్టడంలో దాని చేతికి సాటి లేదు గనుక, నా జాడీలన్నీ నీలమ్మకే. ఏటా ఒక కాయను కోయకుండా తీగ మీదే ఎండనివ్వాలి. అప్పుడే జాడీలు దానివి.

5. ఇక రుక్మిణి. తన కూతురు పెళ్లిలో నా సొరతో సర్వపిండి చేయించి, బంతిలో నేను కూర్చునుండగానే, "ఇది మా కోదాడ సొరండీ, ఇంకెక్కడా కాయదు" అని వియ్యాలవారికి చెప్పింది. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. మళ్లీ మాట్లాడలేదు. నిరుడు జగ్గయ్యపేట పోయే బండి వాళ్లింటి ముందు నుంచే పోయింది. గొంతు ఎండిపోతున్నా దిగి మంచినీళ్లు అడగలేదు. గింజ కోసం కూడా ఆమెను అడగలేదు. అడగను కాక అడగను.

కోదాడ అంగడికి పోయిన బీరన్న నోటితో ఆమెకు సంగతి తెలిసింది. తిరిగొస్తూ వాడు గంపలో గడ్డి పరిచి, ఒక పిడకను నెత్తిన మోసుకొచ్చాడు. కబురు కూడా తెచ్చాడు. "అది కోదాడ సొరే వదినగారూ, ఆ మాట వెనక్కి తీసుకోను. గింజ మాత్రం మీదే" అన్నదట. ఎంత పొగరు! పిడక విరిచి గింజలు చేతిలో పోసుకుని, బీరన్న ముందే ఏడ్చాను. వాడు అటు తిరిగి నిలబడ్డాడు. కార్తీకంలో పెట్టిన ఆ గింజలే కాసి, ఈ వేసవికి గోడ మళ్లీ నిండింది.

కాబట్టి పెరడు, బావి, ఆ గోడ, దాని మీది పిడకలు రుక్మిణికీ, బీరన్నకూ, నీలమ్మకూ ఉమ్మడిగా చెందాలి. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, మల్గీ కట్టకూడదు. అమలు చేయించే బాధ్యత రుక్మిణిది. నోరున్న మనిషి, నరోత్తమరెడ్డికి సరిపోతుంది. నా రోలు కూడా ఆమెకే. కోదాడ రోలని చెప్పుకోకపోతే నా మీద ఒట్టు.

6. గోడ నిండిన నాడు సుగుణ వచ్చి దూరంగా నిలబడి చూసింది. మొగుడు ఇంట్లో లేని వేళ చూసి, "అత్తమ్మా, నాక్కూడ ఒకటిస్తవా? ఎట్ల పెట్టాల్నో చెప్తవా?" అన్నది. ఒళ్లు మండింది. కానీ అడిగితే లేదనకూడదని కట్టు పెట్టింది నేనే. అందువల్ల గోడ మీద తలుపు దగ్గరి పిడక సుగుణది. దాన్ని పాదులో పెట్టి, కాయించి, పిడికెడు గింజలు తిరిగి గోడకు ఎక్కించిన నాడు, ఈ ఇల్లు సుగుణ ఒక్కదానికే సర్వహక్కులతో చెందుతుంది. పొయ్యిలో పెడితే ఇల్లు కూడా జట్టుదే.

7. నరోత్తమరెడ్డికి నేనిచ్చేది తలకొరివి. వేరే దిక్కు లేదు గనుక వాడే పెట్టాలి. ఆ పూట పిడకలు కావాలని వాడి కళ్లు గోడ వైపు పోతాయి. ఒక్కటి కూడా ముట్టరాదు. బీరన్న పక్కనే నిలబడి కాపలా కాయాలి. కట్టెలకూ ఎవరూ తిరగనక్కరలేదు. పొట్లపాదు మీద దూలాలూ వాసాలూ ఎండి సిద్ధంగా ఉన్నాయి. నా పెరట్లో నన్నడగకుండా దింపినవి గనుక అవి నావే. ఒక్క వాసమూ మిగల్చకుండా నాతో పంపండి. ఖాళీ అయిన పాదులో మృగశిరకు గింజ పెట్టండి.

ఇది చదివించి విని, సరిగా ఉందని ఒప్పుకుని చేసిన చేవ్రాలు. విరోధి నామ సంవత్సరం వైశాఖ బహుళ తదియ, ఆదివారం, 15 మే 1949, సూర్యాపేట.

(చేవ్రాలు) పన్నాల ఆండాలమ్మ

సాక్షులు:
పసునూరి లింగస్వామి
కందిబండ నర్సయ్య

దస్తూరి: మాశెట్టి పర్వతాలు